‘అని’ లేని వాక్యం: ‘అంపశయ్య’ నవలను ఎలా చదవాలి?

ఆధునిక నవల పాఠం మొదలైన వారం పది రోజులకు విద్యార్థుల నుంచి మాకు ఒక ఫిర్యాదు వస్తుంది. “ఇందులో కథ ఎక్కడుందండీ?” అని అడుగుతారు. హోసూరు నుంచి వచ్చినవారూ, బళ్లారి నుంచి వచ్చినవారూ, బరంపురం, షోలాపూరు, యానాం పిల్లలూ అందరూ ఇదే మాట అంటారు. ఫిర్యాదు నవీన్ రాసిన ‘అంపశయ్య’ మీద. కొందరు ఇంకొక మాట కూడా నెమ్మదిగా కలుపుతారు. “మా తెలుగు చాలదేమోనండీ, అందుకే అర్థం కావడం లేదు” అంటారు. ఈ రెండో మాటే మమ్మల్ని ఎక్కువగా బాధిస్తుంది. ఆ నవల కష్టంగా తోచడానికి కారణం విద్యార్థి తెలుగు చాలకపోవడం కాదు. కష్టం ఎక్కడుందో, దాన్ని దాటడానికి కావలసిన సామగ్రి మన ఇంటి మాటలోనే ఎలా ఉందో ఈ వ్యాసంలో వివరించదలిచాము.

ముందుగా మా సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ‘అంపశయ్య’ను మేము మొదటిసారి ముప్ఫై పేజీల దగ్గర వదిలేశాము. రెండోసారి పూర్తిచేశాము గాని అది చదవడం కాదు. భాషాశాస్త్రం చదువుకున్నవారికి ఉండే చెడ్డ అలవాటు కొద్దీ, ఉదాహరణలు ఏరుకుంటూ పేజీలు తిప్పాము. ఆ కుర్రవాడు తలచుకున్నదే మళ్లీ తలచుకుంటాడు. పడ్డ బాధే మళ్లీ పడతాడు. ఎంతసేపటికీ సంగతి ముందుకు సాగదు. విసుగు వేసింది. పాఠ్యగ్రంథాల జాబితాను సవరించిన ఒక సందర్భంలో, దీనికి బదులు సూటిగా కథ చెప్పే నవల ఏదైనా పెడదామని ప్రతిపాదించినవారిలో మేమూ ఒకరము. ఆ ప్రతిపాదన నెగ్గలేదు. నెగ్గకపోవడం మా అదృష్టమని ఈనాడు అనుకుంటున్నాము.

నవల స్వరూపం

నవీన్ అసలు పేరు దొంగరి మల్లయ్య. పూర్వపు వరంగల్లు జిల్లా వావిలాల వారి స్వగ్రామం. ‘అంపశయ్య’ 1969లో పుస్తకంగా వచ్చింది. ఆ నవల పేరే రచయితకు ఇంటిపేరుగా మారి, ఆయన ‘అంపశయ్య నవీన్’గా ప్రసిద్ధులయ్యారు. తరువాత ‘కాలరేఖలు’ నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

‘అంపశయ్య’లో జరిగేదంతా ఒక్క రోజు. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండి చదువుకుంటున్న రవి అనే విద్యార్థి నిద్ర లేచింది మొదలు రాత్రి దాకా, ఇంచుమించు పదహారు గంటల కాలం. పల్లెటూరి పేద కుటుంబం, చేతిలో డబ్బు లేకపోవడం, తన చదువు మీద ఆశలు పెట్టుకున్న ఇల్లు, తోటివారి ముందు చిన్నతనం, ఆడపిల్లల పట్ల ఆకర్షణ, దానితోబాటు సిగ్గు. ఇవన్నీ ఆ ఒక్క రోజులో అతని మనసులో తిరుగుతుంటాయి. పైకి కనిపించే సంఘటనలు కొద్ది. లోపల జరిగేది అంతులేనిది.

పేరులోనే రచయిత ఈ సంగతి సూచించారు. భారతంలో అంపశయ్య మీద పడుకున్న భీష్ముడు కదలలేడు. ఉత్తరాయణం వచ్చేదాకా ప్రాణం వదలడు. అయితే ఆయన మాట ఆగలేదు. శాంతిపర్వంలో చాలా భాగం ఆ శయ్య మీది మాటే. శరీరం కదలని చోట మాట ఎంత దూరమైనా పోగలదు. రవి భీష్ముడు కాడు. అతని మాట వినడానికి ధర్మరాజూ లేడు. తన మాటను తానే వినాలి. చదివేవారు అతని పక్కన కూర్చోవాలి.

ఇటువంటి కథనాన్ని ‘చైతన్య స్రవంతి’ అంటున్నాము. మనసు ముక్కలు ముక్కలుగా కాక ప్రవాహంలా సాగుతుందన్న భావనను విలియం జేమ్స్ 1890లో తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ప్రతిపాదించాడు. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ (1922), వర్జీనియా వుల్ఫ్ ‘మిసెస్ డాలోవే’ (1925) ఒక్కొక్క రోజు కథలే. తెలుగులోనూ ‘అంపశయ్య’ కంటే ముందే మనసు లోపలికి తొంగిచూసిన నవలలున్నాయి. 1940లలో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, ఆ తరువాత రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ ఈ దారిలోవే. కాబట్టి ‘అంపశయ్య’ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అయితే ఒక కుర్రవాడి మనసును ఒక్క రోజు పొడుగునా పట్టుకుని నవల మొత్తాన్ని దాని మీదనే నిలబెట్టడం సాహసం.

ఇక్కడ విద్యార్థికి ఒక అనుమానం రావాలి. పాశ్చాత్య పద్ధతిని తెచ్చి తెలుగు మీద అతికించారా? మాకూ ఒకప్పుడు అదే అనుమానం ఉండేది. తెలుగు వాక్యాన్ని కొంచెం నిదానంగా పరిశీలిస్తే ఆ అనుమానం నిలవదు.

‘అని’ చేసే పని

ఒకరి మాటను మరొకరు చెప్పేటప్పుడు తెలుగులో ‘అని’ వస్తుంది. “రేపు వస్తాను అని చెప్పాడు”, “ఎవరో వచ్చారని విన్నాను”. ఈ చిన్న మాట మనకెంత అలవాటంటే, అది ఉన్నట్టే గుర్తుండదు. దాని స్థానం గమనించండి. అది చెప్పిన మాటకు ముందు రాదు, చివర వస్తుంది. ఇంగ్లీషులో చెప్పినవాడెవరో ముందే తెలియవచ్చు. తెలుగులో మాట పూర్తయ్యాక, ‘అని’ వచ్చి, ఆ తరువాత క్రియ వస్తేనే అది అన్న మాటో, అనుకున్న మాటో, విన్న మాటో తేలుతుంది. పాత తాళపత్రాల్లో ఈనాటి ఉద్ధరణ చిహ్నాలు లేవు. ఒకరి మాట ముగిసిందని తెలిపే పని ‘అని’, ‘అనిన’, ‘అనవుడు’ వంటి మాటలే చేశాయి.

మీ పక్కనున్న భాషల్లోనూ ఈ పద్ధతి ఉంది. కన్నడంలో ‘ఎందు’, మాటల్లో ‘అంత’, తమిళంలో ‘ఎన్రు’, మాటల్లో ‘ను’, ఒడియాలో ‘బోలి’, మరాఠీలో ‘మ్హణూన్’. ఒడియా, మరాఠీ ఆర్యభాషలే అయినా, ‘అను’ అనే అర్థంగల ధాతువు నుంచి పుట్టిన మాటను ఇలా వాక్యం చివర పెట్టే అలవాటు వాటికీ ఉంది. ద్రావిడ భాషలతో చిరకాలం ఇరుగుపొరుగుగా ఉండడం దీనికి కారణమని భాషాశాస్త్రజ్ఞులు భావించారు. అంటే బరంపురం విద్యార్థికీ, షోలాపూరు విద్యార్థికీ తమ రెండు భాషల్లోనూ ఈ కీలు తెలిసినదే.

ఇప్పుడు ఒక వాక్యాన్ని మూడు విధాలుగా రాసి చూద్దాము. ఇవి నవలలోని వాక్యాలు కావు. పాఠం కోసం మేము అల్లినవి.

ఒకటి: “రేపు ఫీజు కట్టకపోతే నా పేరు కొట్టేస్తారు” అని కుర్రవాడు అనుకున్నాడు.

రెండు: మరునాడు ఫీజు కట్టకపోతే తన పేరు కొట్టేస్తారని కుర్రవాడు అనుకున్నాడు.

మూడు: కుర్రవాడు గోడ మీది కేలండరు వైపు చూశాడు. రేపే ఆఖరు. కట్టకపోతే పేరు కొట్టేస్తారు. నాన్న దగ్గర ఎక్కడున్నాయి? ఆవును అమ్ముతాడేమో. అమ్మొద్దు నాన్నా. కిటికీ అవతల ఎవరో నవ్వారు.

మొదటి రెండింటిలో ‘అని’ ఉంది, ‘అనుకున్నాడు’ ఉంది. కథ చెప్పేవాడు మన పక్కన నిలబడి, ఇది ఆ కుర్రవాడి తలపు సుమా అని వేలు చూపుతున్నాడు. మూడోదానిలో ‘అని’ పోయింది, వేలు చూపేవాడూ పోయాడు. ఏ వాక్యం ఎవరిదో చదివేవారే పోల్చుకోవాలి. ‘అంపశయ్య’ వంటి నవలలో మనకు కలిగే తొలి ఉక్కిరిబిక్కిరికి ముఖ్య కారణం ఇదేనని మా అభిప్రాయం. కథ లేకపోవడం కాదు, ‘అని’ లేకపోవడం.

‘తాను వస్తాను’

‘అని’ తీసేస్తే వాక్యం అనాథ కావలసిందే గదా, తెలుగు దాన్ని ఎలా భరిస్తుంది? భరించడానికి తగిన ఏర్పాటు మన వ్యాకరణంలో ముందే ఉంది. “రాము తాను రేపు వస్తానన్నాడు” అనే వాక్యం చూడండి. ఇందులో ‘తాను’ రామును సూచిస్తుంది. అది ప్రథమ పురుష. క్రియ మాత్రం ‘వస్తాను’. అది ఉత్తమ పురుష, ‘నేను’తో రావలసిన రూపం. లెక్క ప్రకారం ఈ రెండూ పొసగకూడదు. అయినా తెలుగువారెవరికీ ఇది తప్పుగా వినిపించదు. సర్వనామం బయట నిలబడి రామును చూస్తున్నది; క్రియ రాము నోట్లోంచి మాట్లాడుతున్నది. ఒకే వాక్యంలో సగం బయట, సగం లోపల.

ఇంగ్లీషులో ఇటువంటి వాక్యాన్ని పరోక్షంగా చెప్పేటప్పుడు సర్వనామం, క్రియ రెండూ బయటికి వచ్చేస్తాయి. ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేర్ ‘మదామ్ బొవారీ’ (1857)లో కథకుడి గొంతునూ పాత్ర గొంతునూ ఒకే వాక్యంలో కలిపినప్పుడు, ఆ రీతికి తరువాతి విమర్శకులు ఒక ప్రత్యేకమైన పేరు పెట్టుకోవలసి వచ్చింది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం నుంచి వచ్చి, ఫ్రెంచి కూడా చదువుకునే మా విద్యార్థులకు ఈ పోలిక ఆసక్తికరంగా ఉంటుంది. మన ఇళ్లలో మాత్రం అక్షరం రాని ముసలమ్మ కూడా “వాడు తాను రానన్నాడు” అని అనాయాసంగా అంటుంది. ఇతరుల మనసులోకి అడుగు పెట్టడానికి మన భాషలో గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉంది. నవీన్ వంటి రచయితలు ఆ గుమ్మంలోంచి నడిచి లోపల కూర్చున్నారు. అంతే తేడా.

చదువరికి దారి చూపే గుర్తులు

‘అని’ లేని వాక్యం ఎవరిదో పోల్చుకోవడానికి తెలుగు కొన్ని గుర్తులిస్తుంది. పై మూడో ఉదాహరణను మళ్లీ చూడండి.

మొదటిది, కాలాన్నీ చోటునూ తెలిపే మాటలు. ‘రేపే ఆఖరు’ అన్నప్పుడు ఆ ‘రేపు’ కుర్రవాడిది. కథకుడిదైతే ‘మరునాడే’ అయ్యేది. అలాగే ‘ఇక్కడ’, ‘ఇవాళ’, ‘ఇందాక’ అనేవి మనసు లోపలి మాటలు. ‘అక్కడ’, ‘ఆ రోజు’, ‘అంతకుముందు’ అనేవి సాధారణంగా బయటి మాటలు.

రెండోది, చుట్టరికం తెలిపే మాటలు. తెలుగులో ఊరికే ‘నాన్న’ అంటే మాట్లాడేవాడి నాన్నే. ఇతరుల తండ్రి అయితే ‘వాళ్ల నాన్న’ అనవలసిందే. కాబట్టి ‘నాన్న దగ్గర ఎక్కడున్నాయి?’ అన్న వాక్యం కథకుడిది కావడానికి వీల్లేదు. అంతేకాదు, ‘అమ్ముతాడేమో’ అన్నాడా, ‘అమ్ముతారేమో’ అన్నాడా అన్నదాన్ని బట్టి ఆ ఇంట్లో తండ్రిని ఎలా పిలుస్తారో కూడా ఊహించవచ్చు.

మూడోది, సందేహాన్నీ ఉద్వేగాన్నీ తెలిపే చిన్న చిన్న ప్రత్యయాలు. ‘ఏమో’, ‘కాబోలు’, ‘కదా’, ‘రేపే’లోని ఏకారం, ‘నాన్నా’లోని దీర్ఘం. ఇవి ఎవరో ఒకరి గుండెలోంచి రావలసినవే. కథకుడు మౌనంగా ఉన్నప్పుడు ఇవి పాత్రవే అవుతాయి.

నాలుగోది, క్రియ లేని వాక్యం. ‘రేపే ఆఖరు’ అన్నదానిలో క్రియ లేదు. ఇంగ్లీషులో ఇలా రాస్తే విరిగిన వాక్యంలా ఉంటుంది. తెలుగులో “ఇది మా ఇల్లు”, “ఆయన మా మామయ్య” అనేవి నిండు వాక్యాలే. అందువల్ల తలపులు ముక్కలుగా వచ్చినా మన చెవికి అంత మొరటుగా తోచవు.

చివరగా ‘కిటికీ అవతల ఎవరో నవ్వారు’ అన్న వాక్యం. అది బయట జరిగిన సంగతా, కుర్రవాడు విన్న సంగతా? రెండూ. అటువంటి వాక్యాల దగ్గర తేల్చుకోవాలని పట్టుబట్టకండి. లోపలా బయటా కలిసే ఆ సందులోనే ఈ రకం నవలల ప్రాణం ఉంది.

ఒక విద్యార్థిని చదివి వినిపించిన పేజీ

మా మనసు మారింది వ్యాకరణం వల్ల కాదు. వ్యాకరణం ఆ తరువాత వచ్చింది. తమిళనాడు సరిహద్దు పల్లె నుంచి వచ్చిన ఒక విద్యార్థిని, తరగతిలో ఎప్పుడూ నోరు విప్పనిది, ఈ నవలలో ఒక పేజీని పైకి చదవవలసి వచ్చింది. ఆమె బడిలో తెలుగు చదివింది కొద్దికాలమే. తడబడుతుందనుకున్నాము. తడబడలేదు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ తనను తాను కసురుకున్నట్టు పలకాలో ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టు చదివింది. ఎలా తెలిసిందని అడిగాము. “రాత్రి హాస్టల్లో నిద్ర పట్టనప్పుడు మా తలలోనూ ఇట్లనే కదా సార్” అంది. డబ్బు లెక్కలు ఇంగ్లీషులో, బస్సుల వేళలు తమిళంలో, తిట్టుకోవడం, ఏడవడం తెలుగులో అని చెప్పింది.

మేము ఎన్నో ఏళ్లుగా భాషల కలయిక గురించి పాఠాలు చెబుతున్నాము. ఆ ఒక్క వాక్యం ముందు అవన్నీ పొడిగా తోచాయి. తెలుగు ప్రాంతానికి బయట పెరిగిన పిల్లలకు మనం సాధారణంగా ఏమి చెబుతాము? మీ తెలుగులో తమిళం కలిసింది, కన్నడం కలిసింది, దిద్దుకోండి అంటాము. పరీక్షల్లో రాయడానికి శిష్టవ్యవహారం నేర్పడం మా ధర్మమే; దానిని మానము. కాని మనసు లోపల ఎవరూ శిష్టవ్యవహారంలో ఆలోచించరు. రవి ఆలోచనల్లోనూ ఇంగ్లీషు మాటలు విరివిగా దొర్లుతాయి. అతడు చదువుతున్న విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనాభాషగా మొదలై, తరువాత ఇంగ్లీషుకు మారినది. పల్లె తెలుగుతో అక్కడికి చేరిన కుర్రవాడి తలలో ఒకే భాష ఉంటుందని ఎలా అనుకుంటాము? ఆ కలగలుపును దిద్దకుండా అచ్చువేసిన నవలను, ‘మా తెలుగు చాలదేమో’ అనుకునే విద్యార్థుల చేతుల్లోంచి తీసేయబోయాము. ఆ తప్పు మాది.

ఇష్టపడడం అంటే ఒప్పుకోవడం కాదు

ఒక నవల మీద ఆదరం కలిగినంత మాత్రాన దానిలోని ప్రతిదానికీ తల ఊపనక్కరలేదు. ‘అంపశయ్య’లో లోకమంతా రవి కళ్లతోనే కనిపిస్తుంది. ముఖ్యంగా స్త్రీలు అతని కోరిక, భయం, ఊహ అనే తెరల వెనక మాత్రమే కనిపిస్తారు; వారి మనసుల్లోకి మనకు ప్రవేశం లేదు. ఒకే మనసుకు కట్టుబడిన కథనానికి ఇది సహజమైన పరిమితి. కాని పరిమితి పరిమితే. “ఇదే రోజు ఆ అమ్మాయిలలో ఒకరి మనసు నుంచి చూస్తే ఎలా ఉండేది?” అని మా విద్యార్థినులు అడుగుతారు. ఆ ప్రశ్న నవలకు వ్యతిరేకం కాదు. మనసు లోపలి మాట వినడం నేర్చుకున్నవారికే ఆ ప్రశ్న పుడుతుంది.

మమ్మల్ని మొదట విసిగించిన పునరుక్తి గురించి కూడా ఒక మాట. రవి తలచుకున్నదే తలచుకుంటాడన్నాము. చేతిలో పైసా లేనివాడు డబ్బు సంగతి ఒక్కసారి తలచుకుని ఊరుకోగలడా? కడుపు నిండిన పాఠకుడికి అది పునరుక్తి. అప్పున్నవాడికి అది రోజు గడవడం. ఈ సంగతి అర్థమయ్యాక ఆ పేజీలు మాకు బరువుగానే ఉన్నాయి గాని విసుగుగా లేవు.

చదవబోయేవారికి కొన్ని సూచనలు

ఈ నవలను రోజుకు నాలుగు పేజీల చొప్పున చదవకండి. ఒక సెలవు రోజు చూసుకుని పొద్దున్నే మొదలుపెట్టండి. కథ ఒక రోజుది గనక, చదవడం కూడా ఒకటి రెండు రోజుల్లో ముగిస్తే దాని ఊపు తెలుస్తుంది. పెన్సిలు దగ్గర ఉంచుకుని, బయట జరిగే పనులున్న చోట మాత్రం మార్జినులో చిన్న గీత పెట్టండి. లేచాడు, వెళ్లాడు, తిన్నాడు, ఎవరితోనో మాట్లాడాడు. ఆ గీతలు వంతెన స్తంభాల్లా నిలబడతాయి. మధ్యలో ప్రవాహం ఎంత వేగంగా ఉన్నా మీరు కొట్టుకుపోరు. తికమకపడ్డ చోట పైకి చదవండి. కంటికి చిక్కనిది చెవికి చిక్కుతుంది. ఏ వాక్యం ఎవరిదో గొంతే చెబుతుంది. మొదటి ముప్ఫై పేజీల దగ్గర ఆగిపోకండి. మేము ఆగి చాలా ఏళ్లు పోగొట్టుకున్నాము.

చివరికి మీరే ఒక పేజీ రాసి చూడండి. ఒక అరగంటసేపు మీ మనసులో తిరిగిన మాటలను ‘అని’ గాని ‘అనుకున్నాను’ గాని లేకుండా, ఏ భాషలో వచ్చింది ఆ భాషలోనే తెలుగు లిపిలో పెట్టండి. దిద్దకండి, మాకు చూపించనక్కరలేదు. ఆ పేజీని ఒకసారి పైకి చదువుకున్నాక ‘అంపశయ్య’ను తెరవండి. “కథ ఎక్కడుందండీ?” అని అప్పటికీ అడగాలనిపిస్తే తప్పకుండా అడగండి. “మా తెలుగు చాలదేమో” అన్న మాట మాత్రం ఇక అనవద్దు.